షుగరు దిగగానే వస్తాను

జూన్ 3
నాలుగో వార్డు, కిటికీ పక్క మంచం

దూదిపింజా,

నేనిక్కడ క్షేమం అని మొదలుపెట్టడం అలవాటు. ఈసారి ఆసుపత్రి మంచం మీద కూచుని రాస్తున్నాను గనక ఆ ముక్క వదిలేస్తున్నా. కంగారు పడకు. చెయ్యి బాగుంది, బుర్ర బాగుంది. పాడైంది కాలొక్కటే.

పోయిన నెల ఒక పెద్ద పరుపు కుడుతుంటే సూది విరిగింది. సగం దొరికింది, సగం దొరకలేదు. కొనుక్కున్నవాళ్ళ వీపులో దిగితే పాపం కదా అని పరుపంతా విప్పి, దూదంతా పీకి వెతికాను. ఎక్కడా లేదు. ఉన్నదల్లా నా కుడి అరికాల్లో, చిటికెన వేలి కింద. నాకు తెలియనే లేదు. దాని మీదే నడిచాను, దాని మీదే మిషను తొక్కాను. షుగరు ముదిరితే పాదాలు అలా మొద్దుబారిపోతాయట. ఒకరోజు మన పక్క షాపు తాళాలాయన వచ్చి, "ఏమ్మా, లోపల ఎలకేమైనా చచ్చిందా, వాసనొస్తోంది?" అన్నాడు. ఇద్దరం కలిసి ఎలక కోసం షాపంతా తిరగేశాం. చివరికి చూస్తే ఆ వాసన నా మేజోడులోంచి. పాపం ఆయనే నన్ను బండిలో వేసుకొచ్చి ఇక్కడ చేర్చాడు.

సూది ముక్క తీశారు, చీము కడిగారు. లోపల ఇంకా చెయ్యాల్సింది ఉందట గానీ షుగరు నాలుగొందల పైన ఉంది, అది దిగితే గానీ కత్తి పెట్టం అన్నాడు చిన్న డాక్టరు. నా మాత్రలన్నీ ఆపేశాడు. "ఇంట్లో సంగతి ఇంట్లో. ఇక్కడున్నన్నాళ్ళూ ఇన్సులినేనమ్మా" అన్నాడు. అన్నానికి ముందు ప్రతిసారీ వేలు పొడిచి చుక్క రక్తం చూస్తారు. దాన్నిబట్టి ఇంత అని మందు ఎక్కిస్తారు. పడుకోబోయే ముందు ఇంకో రకం. ఇన్నేళ్ళు సూదితో బతికినదాన్ని, దానికి ఎన్నడూ జడవలేదు. ఇక్కడ పొడుగు సిస్టరు చేతిలో సూది కనపడితే చాలు, నా చెయ్యి దానంతటదే దుప్పట్లోకి పోతోంది.

ఈ పరుపు గురించి చెప్పకుండా ఉండలేను. కొబ్బరి పీచు పైన నాలుగు వేళ్ళ మందం స్పాంజి, నడుం దగ్గర గుంట. మనం కుట్టింది అయితే తిరిగిచ్చేసి డబ్బు అడుగుదురు.

నువ్వు రావాలని రాయడం లేదు. పాపకి బడి ఉంటుంది, అల్లుడికి రేవులో పని ఉంటుంది. అయినా రెండు రోజులు వచ్చి వెళ్ళగలవేమో చూడు. ఫోను మాత్రం చెయ్యకు. ఫోనులో మాట గాలికి పోతుంది. ఉత్తరమైతే దిండు కింద పెట్టుకుని మళ్ళీ చదువుకుంటాను.

మీ అత్త


జూన్ 8

అత్తయ్యా,

మీ ఉత్తరం నిలబడి మొదలుపెట్టి కూచుని పూర్తి చేశాను. ఎలక దగ్గర నవ్వొచ్చింది, మేజోడు దగ్గర ఏడుపొచ్చింది. షాపులో చెప్పులు వేసుకోండి అని అక్కడున్నన్నాళ్ళూ మొత్తుకున్నాను. దూది మాసిపోతుందని మీరు వినలేదు.

ఇప్పుడైనా ఒక మాట వినండి. వేలి కొన మీద కాకుండా పక్కన పొడవమనండి, నొప్పి తక్కువ. రోజూ ఒకే వేలు ఇవ్వకండి, మార్చండి. ముందు గోరువెచ్చటి నీళ్ళతో చెయ్యి కడుక్కుంటే రక్తం తేలిగ్గా వస్తుంది, పిండాల్సిన పని ఉండదు. పొట్ట మీద ఇచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టకండి. రోజూ అదే చోట ఇప్పించుకుంటే అక్కడ గట్టిపడిపోతుంది, కాస్త కాస్త జరుపుకుంటూ పోవాలి. ఇన్సులిన్ ఇస్తున్నారంటే జబ్బు ముదిరిపోయిందని బెంగపడకండి. ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒంట్లో చీము, దిగులు, తిండి మార్పు, అన్నీ కలిసి షుగరుని ఎగదోస్తాయట. దాన్ని పట్టుకోవడానికి మాత్రల కంటే అదే నయమట.

నాకు వెంటనే రావాలనే ఉంది. కానీ పాపకి బళ్ళు తెరుస్తున్నారు. ఈయనకి రేవులో రెండు షిఫ్టులు. ఓడ వచ్చిందంటే క్రేను దిగడానికే ఉండదు, అన్నం డబ్బా కూడా తాడు కట్టి పైకి లాక్కుంటారు. నాకూ ఒంట్లో కాస్త నలతగా ఉంది, పెద్దదేం కాదు. షుగరు కాస్త దిగగానే బయల్దేరి వస్తాను. తప్పకుండా వస్తాను.

ఈ మధ్య మన షాపు మధ్యాహ్నాలు తెగ గుర్తొస్తున్నాయి. మీ అబ్బాయి పోయిన కొత్తలో ఇంటికెళ్ళలేక, అమ్ముడుపోని పరుపుల మీద చెరొక పక్కకి తిరిగి పడుకునేవాళ్ళం కదా. మీరు నిద్రపోయారనుకుని నేను ఏడ్చేదాన్ని. నేను నిద్రపోయాననుకుని మీరూ ఏడ్చేవారు. ఇక్కడ ఇల్లు బాగుంది, మనుషులు మంచివాళ్ళు. అయినా మధ్యాహ్నం నడుం వాలిస్తే అవతలి పక్క ఎవరో ఉండాలి, లేరే అనిపిస్తుంది.

మీ దూదిపింజ


జూన్ 13

దూదిపింజా,

"షుగరు కాస్త దిగగానే బయల్దేరి వస్తాను" అన్న ముక్క నేను చదువుకోవడమే కాకుండా పక్క మంచం టీచరమ్మకి కూడా చదివి వినిపించాను. ఆమె బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ప్రతిదీ తేల్చుకోవాలి. "కోడలు రాసిందంటున్నారు, అల్లుడు క్రేను నడుపుతాడంటున్నారు. కోడలి మొగుడు అల్లుడెలా అవుతాడండీ?" అంది. నా కొడుకు పోయాక, భార్య పోయి ఒక పాప ఉన్న సంబంధం నేనే చూసి కోడలికి పెళ్ళి చేశాను, అందుకని ఆమె నాకు కూతురైంది, ఆయన అల్లుడయ్యాడు అని చెప్పాను. కాసేపు వేళ్ళు మడిచి ఏదో లెక్క వేసి, "సరిపోయింది" అంది.

నువ్వు షుగరు దిగాలన్నావు కదా, దించుతున్నాను. నాలుగొందల నుంచి మూడొందలకి, మూడొందల నుంచి రెండొందలకి వచ్చింది. చిన్న డాక్టరు చార్టు చూసి తన మందు గొప్పే అనుకుని మురిసిపోతున్నాడు. "నూట నలభైకీ నూట ఎనభైకీ మధ్యలో ఉంటే మనకి చాలమ్మా. ఆసుపత్రిలో అంతకంటే కిందకి తొయ్యం. మరీ పడిపోతే అది ఇంకా ప్రమాదం" అన్నాడు. కుర్రాడు, భయస్థుడు. షుగరు ఎంత తగ్గితే అంత మంచిదని చిన్నపిల్లలకి కూడా తెలుసు.

అసలు కిటుకు నీకొక్కదానికే చెప్తున్నా. నాకు పెట్టే అన్నంలో సగం టీచరమ్మకి తోడుండే చెల్లెలి గిన్నెలోకి పోతోంది. పాపం ఆమె బయట డబ్బు పెట్టి కొనుక్కు తింటోంది. సిస్టరు అటు తిరగ్గానే గిన్నె ఇటు వస్తుంది. ఆమెకి ఆకలి తీరుతుంది, నాకు షుగరు దిగుతుంది, నువ్వు తొందరగా వస్తావు.

ఇంకో సంగతి. సూది ఎక్కడ పొడవాలి, పొట్ట మీద ఎలా జరుపుకుంటూ పోవాలి, ఇవన్నీ నీకెవరు చెప్పారు? నాలుగేళ్ళు నా ఇంట్లో ఉండి నా మాత్రల రంగు కూడా గుర్తుపట్టలేనిదానివి. అల్లుడికి షుగరుందా? ఉంటే పెళ్ళిచూపుల్లో నాతో ఎందుకు చెప్పలేదు? మనిషి నిదానస్థుడని ముచ్చటపడి ఇచ్చాను. ఇంత గుట్టు మనిషని అనుకోలేదు. ఆయన్ని అడిగానని చెప్పు.

సాయంత్రం చూడ్డానికి వచ్చేవాళ్ళని వదిలే వేళకి నేను తల దువ్వుకుని కూచుంటాను. నువ్వు చెప్పకుండా కూడా రాగలవు, నీ సంగతి నాకు తెలుసు. తలుపు దగ్గర లేత రంగు చీర కనిపిస్తే చాలు, మెడ దానంతటదే సాగుతోంది.

అత్త


జూన్ 19

అత్తయ్యా,

పొద్దున ఫోను పెట్టేశాక ఈ ఉత్తరం రాయకూడదనుకున్నాను. సాయంత్రానికి మనసు మారింది.

మీ ఉత్తరం నిన్న అందింది. సగం అన్నం ఇచ్చేస్తున్నారని అందులో చదివాను. మీరు వద్దన్నా అందుకే మీ వార్డుకి ఫోను చేశాను. సిస్టరు మిమ్మల్ని చక్రాల కుర్చీలో తెచ్చేదాకా పట్టుకునే ఉన్నాను. ఇన్సులిన్ వేయించుకుని తినకపోతే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది, మనిషి స్పృహ తప్పుతుంది, ప్రాణానికే ముప్పు అని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ మీరు "ఆ, సరే" అన్నారు.

తర్వాత ధైర్యం చేసి రెండో సంగతి కూడా చెప్పేశాను. నాకు ఎనిమిదో నెల అని. కడుపుతో ఉండగా షుగరు పట్టుకుందని, అది మాట వినడం లేదని నన్నూ ఆసుపత్రిలో పెట్టారని, అది దిగే వరకూ ప్రయాణం మాటెత్తొద్దని డాక్టరమ్మ అన్నదని. చెప్పి ఊరుకున్నాను. మీరూ కాసేపు ఊరుకున్నారు. ఆ కాసేపట్లో నేను ఏమేమో అనుకున్నాను. చివరికి మీరు "మంచిదమ్మా, ఉంటాను మరి" అని పెట్టేశారు.

తిట్టినా బాగుండేది. ఎందుకు దాచావే అని నాలుగు మాటలు అంటారనుకున్నాను. మీ మనసు నాకు తెలియక కాదు. మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నాకు కడుపు పండలేదు. మీరు ఏ రోజూ ఒక్క మాట అనలేదు. ఇప్పుడు వేరే ఇంటికొచ్చాక ఈ సంగతి మీకు ఏ మొహం పెట్టుకుని రాయను? రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూ ఏడు నెలలు గడిపాను. చెప్పాక మీరు పరాయివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడారు.

నా ఉత్తరాలు మిమ్మల్ని బాధపెట్టేవైతే చెప్పండి, మానేస్తాను. కానీ అన్నం మాత్రం తినండి. నా మీద కోపంతోనైనా తినండి.

ఈయనకి షుగరు లేదు. ఆయన్ని ఏమీ అనకండి.

కోడలు


జూన్ 25

నా తల్లీ,

నాకు ఫోనులో ఒక్క ముక్క వినపడలేదు.

ముందు ఈ మాట రాసేసి, తర్వాత తీరిగ్గా రాస్తున్నా. రెండేళ్ళుగా నా చెవులు పోయాయి. మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూసి అందుకుంటాను, చెవి దగ్గరికొచ్చి గట్టిగా అంటే సరే. ఫోనులో మాత్రం కుళాయి తిప్పి వదిలేసినట్టు ఒకటే హోరు. నీకు చెప్తే బెంగపడతావని, ఉత్తరమే ముద్దు అంటూ నెట్టుకొచ్చాను. ఆ రోజు సిస్టరు ఫోను చెవికి ఆనించింది. హోరులోంచి నీ గొంతని మటుకు తెలిసింది. అది ఆగినప్పుడల్లా "ఆ" అన్నాను, "సరే" అన్నాను. ఎంతసేపటికీ మళ్ళీ రాకపోయేసరికి అయిపోయిందనుకుని పెట్టేశాను. నా బిడ్డ గొంతు విన్నాను అని ఆ రోజంతా టీచరమ్మతో చెప్పుకుని మురిశాను. అవతల నువ్వు ఏడుస్తున్నావని ఎవరికి తెలుసు?

నువ్వు భయపడ్డట్టే అయింది. ఫోను వచ్చిన రెండో రోజు. ఆ రోజు సూది వేయించుకున్నాక సగం కాదు, మొత్తం గిన్నె అటు తోసేశాను. నూట అరవై చూపించింది, ఇంకొంచెం దించితే నువ్వు వారంలో వస్తావని ఆశ. కాసేపటికి చెమటలు. చేతులు దడదడా వణికాయి. కిటికీ రెండుగా కనపడింది. తర్వాత నేను చేసింది నాకు గుర్తు లేదు, టీచరమ్మ చెప్పింది. దుప్పటి విప్పి దారం వెతుక్కున్నానట. సిస్టరు వస్తే ఆమెని పట్టుకుని "దూదిపింజా, షాపు తెరవలేదేం, గిరాకీలు వెళ్ళిపోతున్నారు" అని కేకలేశానట. వేలు పొడిచి చూస్తే నలభై. పంచదార నీళ్ళు తాగించారు, చేతికి గ్లూకోజు ఎక్కించారు. తేరుకుని చూసేసరికి నా మంచం చుట్టూ వార్డంతా ఉంది. టీచరమ్మ చెల్లెలు గోడకి తల ఆనించి ఏడుస్తోంది. ఆమె తప్పేముంది పాపం.

అందరూ వెళ్ళాక పొడుగు సిస్టరు కుర్చీ లాక్కుని నా చెవి పక్కన కూచుంది.

"ఎందుకు తినలేదమ్మా?"

"షుగరు దిగితే మా కోడలు వస్తానంది."

ఆమె నన్ను తిట్టలేదు. నా చెయ్యి తుడుస్తూ, "ఇన్సులినూ అన్నమూ జోడెడ్లమ్మా. ఒకదాన్ని విప్పేస్తే బండి గోతిలోకే పోతుంది. మీ కోడలు వచ్చేసరికి మీరుండొద్దా?" అంది. ఇప్పుడు అన్నం కంచం నా ముందు పెట్టాకే సూది వేస్తున్నారు. మెతుకు మిగలకుండా తినేదాకా ఆమె కదలదు. డోసు కూడా తగ్గించారు.

నీ ఉత్తరం ఆ తర్వాత వచ్చింది. నీకు అబద్ధం చెప్పను. ఎనిమిదో నెల అన్న చోట ముందు సంతోషం రాలేదు. మావాడు గుర్తొచ్చాడు. వాడి బిడ్డ కాదు కదా అనిపించింది. గోడ వైపు తిరిగి పడుకున్నాను. సాయంత్రం సిస్టరు షుగరు చూసి, ఎందుకు పెరిగిందో తెలియక తల గోక్కుంది. నాకు తెలుసు గానీ చెప్పలేదు. పొద్దున లేచేసరికి మాత్రం మొదట వచ్చిన ఆలోచన, ఇది సరిగ్గా తింటోందా అని. అప్పటి నుంచీ అదే ఆలోచన.

నీకు పెళ్ళి చేసింది ఎందుకనుకున్నావే పిచ్చిదానా? నా పక్కన పరుపు మీద పడుకుని నువ్వూ నాలాగే ముసలిదానివై పోకూడదనే కదా.

వెంటనే రాయి. ఎన్ని పూటలు తింటున్నావు, ఎంత చూపిస్తోంది, కాళ్ళు వాచాయా, అన్నీ రాయి. అల్లుడికి క్షమించమన్నానని చెప్పు.

నీ అత్త


జులై 1
ప్రసూతి వార్డు

అత్తయ్యా,

నలభై అన్న అంకె దగ్గర ఆగిపోయాను. చాలాసేపు కింది లైను చదవలేదు. ఉత్తరం మీరే రాశారు, అంటే ఉన్నారు, అని నాకు నేను చెప్పుకుని అప్పుడు చదివాను.

ఆ పని నేనే చేశాను. "షుగరు దిగగానే వస్తాను" అని రాసింది నా షుగరు గురించి. ఆ పొద్దునే డాక్టరమ్మ నాతో, "షుగరు దిగాక చూద్దాంలే ప్రయాణం" అంది. అదే మాట చేతిలోంచి జారింది. ఎవరి షుగరో రాస్తే కడుపు సంగతి రాయాలి. రాయలేక వదిలేశాను. మీరు దాన్ని పట్టుకుని అన్నం మానేశారు.

ఇక్కడి సంగతి అడిగారు కదా. మా గదిలో అందరం షుగరు తల్లులమే. తినే ముందూ, తిన్న రెండు గంటలకీ వేళ్ళు చాపుతాం. నా చేతులు చూస్తే మీ చేతుల్లాగే అయ్యాయి, కుట్టుపని చేసేవాళ్ళ చేతుల్లా వేళ్ళ నిండా చుక్కలు. మాకు మీకంటే కట్టడి ఎక్కువ, తొంభై అయిదు దాటకూడదంటారు పరగడుపున. నాకు ఒకరోజు నూట పది, ఒకరోజు ఎనభై. రోజూ అదే కంచం, అదే మందు, షుగరు మాత్రం దాని ఇష్టం. కాళ్ళు వాచాయి. లోపల బిడ్డ బాగా తిరుగుతోంది. కాస్త పెద్దగా ఉందట.

ఈయన పని అయ్యాక గ్రీజు వాసనతో వస్తారు. కూచుంటే మంచం మాసిపోతుందని నిలబడే ఉంటారు. మీరు ఆయన్ని అనుమానించారని చెప్తే ఒక్కసారి నవ్వి, "మా అత్తగారు కదా, ఆ మాత్రం ఉండాలి" అన్నారు. పాప ఆదివారాలు వస్తుంది. "పిన్నీ, నాకు తమ్ముడొద్దు, చెల్లెలొద్దు, నువ్వు ఇంటికొచ్చేయ్" అంటుంది. వాళ్ళమ్మ ఆసుపత్రికి వెళ్ళే తిరిగి రాలేదు. అందుకే ఆ పిల్లకి ఈ తలుపులంటే భయం. నాకూ భయంగానే ఉంది అత్తయ్యా. ఎవరికీ చెప్పలేదు.

ఈ గదిలో ప్రతి మంచం పక్కనా ఒక అమ్మో, అక్కో కూచుని ఉంటారు. తల నిమురుతారు, నీళ్ళు అందిస్తారు, గొణుగుతారు. మా అమ్మ ముఖం నాకు గుర్తే లేదు. ఇలాంటప్పుడు అమ్మ కావాలనిపిస్తే నాకు వచ్చేది మీ ముఖమే. మీరు రాలేరని తెలుసు, రమ్మని అడగడం లేదు. మీరు లేరని మాత్రం రాస్తున్నాను.

మీ దూదిపింజ


జులై 9

దూదిపింజా,

నీ ఉత్తరం చదివి చిన్న డాక్టర్ని అడిగాను, "నన్ను ఎప్పుడు వదుల్తావు బాబూ, నేను రైలెక్కాలి" అని. ఆయన నా కాలి వైపు వేలు చూపించాడు.

కాలి సంగతి నీకు తగ్గించి రాస్తూ వచ్చాను. దాయడంలో మనిద్దరం ఒక బడిలోనే చదివాం. ఎముక దాకా కుళ్ళింది. మొన్న చిటికెన వేలూ, దాని పక్క వేలూ తీసేశారు. ఏడవకు. ఆ రెండూ ఎలాగూ మొద్దుబారినవే, ఉన్నా లేవన్నట్టే. ఆపరేషను పొద్దున ఏమీ పెట్టలేదు. తినని రోజు ఇన్సులిన్ ఎలా ఇస్తారా అని నాకే భయం పట్టుకుంది, సిస్టర్ని పిలిచి ఆరా తీశాను. ఒక చేతికి గ్లూకోజు నీళ్ళూ, దానితో పాటే సన్నగా ఇన్సులినూ, గంట గంటకీ వేలు పొడిచి చూడటం. "మీరిప్పుడు మాకే పాఠం చెప్తున్నారే" అంది సిస్టరు.

ఇప్పుడు నూట యాభై, నూట అరవైల్లో నిలబడింది. పుండు ఎర్రగా, శుభ్రంగా ఉందన్నారు. ఇంటికెళ్ళాక కూడా కొన్నాళ్ళు ఇన్సులిన్ తప్పదట. నా సూది నేనే వేసుకుంటున్నా. మొదటిసారి నా వాటం చూసి వార్డంతా నవ్వింది. పరుపు కుట్టినట్టు పొడిచానట.

రైలు మాటకి వస్తే, కాలు నేల మీద మోపొద్దంటున్నారు. వారాలు పడుతుందట. అక్కడ నీకు నెలలు నిండుతాయి, ఇక్కడ నేను మంచం మీద కాలు దిండు మీదికెత్తి పైకప్పు చూస్తూ ఉంటాను. నీ కాన్పుకి నేనుండనా? నేనే దగ్గరుండి అప్పగించిన పిల్లవి, నీకు నొప్పులొచ్చే వేళకి ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు నీళ్ళందిస్తారా? ఈ సంగతి తలుచుకుంటే తీసేసిన వేళ్ళు నొప్పి పెడుతున్నాయి. లేనివి ఎలా నొప్పి పెడతాయో డాక్టరు చెప్పాడు గానీ నాకు అర్థం కాలేదు.

టీచరమ్మ నిన్న ఇంటికెళ్ళింది. వెళ్తూ నీకు చెప్పమంది, కంచం ఖాళీ చెయ్యమని.

భయమేస్తే కళ్ళు మూసుకుని నేను అవతలి పక్కకి తిరిగి పడుకున్నాననుకో.

అత్త


జులై 27

అత్తయ్యా,

ఆడపిల్ల. బుధవారం మధ్యాహ్నం. ఇద్దరం బాగున్నాం అని రాయడానికి ఇన్ని రోజులు ఆగాను, ఎందుకంటే మొదట్లో బాగులేదు.

కోసి తీశారు. ఆ రోజంతా నాకూ మీకు చేసినట్టే, గ్లూకోజూ ఇన్సులినూ పక్కపక్కనే. పిల్ల పుట్టగానే ఏడ్చింది. ఒక్కసారి నా బుగ్గకి ఆనించారు. అరగంటకల్లా దాని చేతులు వణుకుతున్నాయని పట్టుకెళ్ళిపోయారు. తల్లి ఒంట్లోంచి వచ్చే తీపికి అలవాటుపడి పిల్ల లోపల ఇన్సులిన్ ఎక్కువ తయారు చేసుకుంటుందట. బొడ్డు కోశాక తీపి ఆగిపోతుంది, ఇన్సులిన్ మాత్రం వెంటనే ఆగదు. షుగరు పడిపోయింది. అద్దాల గదిలో పెట్టి గ్లూకోజు ఎక్కించారు. అంతంత చిన్న మడమ మీద సూదితో పొడిచి చూస్తారు. నేను ఇక్కడ మంచం మీద, అది రెండు అంతస్తుల పైన. పాలు పిండి పంపేదాన్ని. ఈయన గిన్నె పట్టుకుని మెట్లెక్కి దిగేవారు. దిగొచ్చిన ప్రతిసారీ నేను ముఖం చూసేదాన్ని. ఆయన ముందు అంకె చెప్పి, తర్వాత ఊపిరి పీల్చుకునేవారు.

ఆ రోజుల్లో మిమ్మల్ని ఎంత తలుచుకున్నానో. మీరు మావాడు, మావాడు అంటూ ఉంటే ఇన్నాళ్ళూ విన్నాను గానీ, ఆ మాటలో ఏముందో ఇప్పుడు నాకు తెలిసింది.

మూడో రోజుకి దానంతటదే నిలదొక్కుకుంది. ఇప్పుడు నా పక్కనే పడుకుని ఉంది. నా షుగరు కూడా కాన్పు కాగానే దిగిపోయింది, సూదులు ఆపేశారు. మళ్ళీ ఎప్పటికైనా రావచ్చు, ఆరు వారాలకి ఒకసారి చూపించుకోమన్నారు. పెద్దపాప మొదట తలుపు దగ్గరే నిలబడింది. నేను లేచి కూచుని ఉండటం చూసి, అప్పుడు లోపలికొచ్చింది. చెల్లెల్ని చూసి, "ఇదేనా?" అంది. సాయంత్రానికి ఎవరినీ తాకనివ్వడం లేదు.

రేపు ఇంటికి పంపిస్తారు. మీరు కూడా ఇంటికొచ్చారని తాళాలాయన ఈయనకి ఫోనులో చెప్పారట. ఒక్కరే వండుకుంటున్నారా? సూది వేసుకున్నాక తింటున్నారా? కుంటుతూ షాపు తెరుస్తున్నారని కూడా చెప్పారు. ఎందుకత్తయ్యా?

దూదిపింజ


ఆగస్టు 16
షాపు

దూదిపింజా,

అల్లుడు లోపల పరుపు మీద నిద్రపోతున్నాడు. పొద్దున షట్టరు ముందు నిలబడి ఉంటే గిరాకీ అనుకుని, "సింగిలా, డబులా?" అని అడిగాను. చేతిలో సంచీ చూశాక గుర్తుపట్టాను. నీకేమైనా అయిందేమోనని షట్టరు గట్టిగా పట్టుకున్నాను. ఆయన అది కనిపెట్టి, నా చెవి దగ్గరికి వంగి, "అందరూ బాగున్నారు. మిమ్మల్ని తీసుకెళ్దామని వచ్చాను" అని అరిచాడు. నాకే కాదు, వీధంతా వినపడింది. తాళాలాయన బయటికొచ్చి చూశాడు.

నేను ఊరికే ఒప్పుకోలేదు. కాలు చూపించాను. నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, ఆయన నోటితోనే సరే అనిపించుకొచ్చాడు. పుండు మూసుకుంటోంది, చంకకర్ర వాడాలి, మడమ మీదే బరువు వెయ్యాలి. ఇన్సులిన్ సీసా చల్లగా ఉండటానికి ఫ్లాస్కు కూడా కొన్నాడు. దారిలో ఆకలేసినా వెయ్యకపోయినా వేళకి తినాలని నాకు మూడుసార్లు చెప్పాడు. నువ్వు చెప్పమన్నావట.

అయినా ఒక మాట నమిలాను. "నాయనా, ఆ ఇల్లు నీది. పెద్దపాపకి నేనేమీ కాను. నేను ఏ వరసన అక్కడికి వచ్చి కూచోవాలి?" అన్నాను. ఆయన పరుపులు తాడుతో కట్టి సర్దుతూ, "వరసలు అక్కడికెళ్ళాక చూసుకుందామండీ. రేపు పొద్దునే రైలు, తాళం ఎక్కడ పెట్టారు?" అన్నాడు. పని చేసేవాళ్ళతో ఇదే సుఖం.

షాపు తాళాలాయనకి అప్పగించాను. ఎన్నాళ్ళకి అని అడిగాడు. తెలియదన్నాను.

ఈ ఉత్తరం నా వెనకాల వస్తుంది. నేనే వస్తుంటే రాయడం ఎందుకంటావేమో. ఎదురుగా ఉంటే చెప్పలేనిది ఒకటుంది, అందుకే రాస్తున్నా. పిల్లని నా ఒళ్ళో పెట్టినప్పుడు నాకు ఏడుపొస్తుంది. రాకుండా చూసుకుందామనుకున్నాను గానీ, ఇప్పుడు రాస్తుంటేనే వస్తోంది, అప్పుడు ఆగుతుందని అనుకోను. ఎవరి కోసమని అడగకు. నీకు తెలిసినా తెలియనట్టు ఉండు. పెద్దపాపని పక్క గదిలోకి తీసుకెళ్ళు, అది భయపడుతుంది. కాసేపే. తర్వాత నేనే పిలుస్తాను. అప్పుడు వచ్చి పిల్లని తీసుకుని, నాకు అన్నం పెట్టు.

అత్త